ముందు తాటాకు, వెనక మిద్దె

మా అత్తగారింటిని వీధిలో నిలబడి చూస్తే ఎవరైనా సరే, పాపం లేనోళ్ళ ఇల్లు అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను. పెళ్ళయి బండి దిగి చూస్తే ఎదురుగా తాటాకు పంచ. అది కూడా చూరు ఒక పక్కకు జారి, నడుం వంచితే గానీ లోపలికి పోలేనట్టుంది. మా నాయన నన్ను యాడ తెచ్చి పడేసినాడురా దేవుడా అని గుండె గుభేలుమంది. పంచ దాటి గడప లోపల కాలు పెడితే, అమ్మో! ఎత్తు మిద్దె, టేకు దూలాలు, నున్నటి సున్నం గోడలు, ఊరంతా కూర్చున్నా ఇంకా చోటు మిగిలే చావడి. ఈ ఇంటికి ఆ ముష్టి పంచ ఏందబ్బా అనుకున్నాను. కొత్త కోడల్ని, ఎవరినడుగుతాను?

కొన్నాళ్ళు పోయినాక మా ఆయన్ను అడిగితే పకపకా నవ్వినాడు. "పన్ను కోసం" అన్నాడు.

పంచాయతీకి ఇంటి పన్ను కట్టాలి గదా. అసలు పద్ధతి ఏమంటే, ఆ ఇల్లు బాడుగకిస్తే ఏడాదికెంత వస్తుందో అంచనా కట్టి దాని మీద పన్ను వేయాలంట. మా ఊళ్ళో బాడుగకు ఉండేవాడెవడు? బడి అయ్యవారికే ఊరికే ఇల్లిచ్చి, పైన కూరగాయలు కూడా పంపే ఊరు అది. బాడుగే లేని చోట బాడుగ లెక్క ఎట్లా తేలుతుంది? అందుకని ఇంటి కప్పు చూసి పన్ను వేసేవాళ్ళు. పూరింటికి పన్ను పేరుకే. పెంకుటింటికి దానికి నాలుగైదింతలు. మిద్దెకైతే చెప్పనక్కర్లేదు. ఆ కప్పు చూడడానికి బిల్లు కలెక్టరు ఇంట్లోకి రాడు. ఆడవాళ్ళు తిరిగే ఇంట్లో దూరి పైకి చూస్తా నిలబడితే ఎవరు ఊరుకుంటారు? వీధిలో నిలబడి, కంటికేది కనబడితే అది రాసుకోని పోతాడు. అది మా ఊరి మర్యాద. మా మామ పంచాయతీ ప్రెసిడెంటు. ఆ మర్యాదను ఆయన బాగా వాడుకున్నాడు. మిద్దె పూర్తయిన ఏడే దాని ముందర, గోడంతా కప్పేటట్టు తాటాకు పంచ దించినాడు. వీధిలో నుంచి చూస్తే మాది పూరిల్లు. ఆయన్ను చూసి ఊళ్ళో ఇంకో నలుగురు పెద్ద రైతులు అట్లాగే దించినారు. "ముందు తాటాకు, వెనక మిద్దె" అని వాళ్ళల్లో వాళ్ళు ఎకసెక్కాలాడుకునేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వినాను. మా మామ ఎంత తెలివైనవాడో అని మా పుట్టింట్లో గొప్పగా కూడా చెప్పినాను. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా కంపరం.

మా పంచాయతీలోనే, ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డున చేపలోళ్ళ పాళెం ఉండేది. అక్కణ్ణించి ఒకామె రోజూ గంప నెత్తిన పెట్టుకోని మా ఇంటికి వచ్చేది. మొగుడు వేటకు పోతాడు, ఈమె ఊళ్ళు తిరిగి చేపలమ్ముతుంది. నల్లగా, పొడుగ్గా, గొంతు మాత్రం మూడు వీధులకు వినబడేది. నాకు కాన్పయి పుట్టింటి నించి బిడ్డనెత్తుకోని వచ్చినాక పాలు చాలేవి కాదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తా ఉంటే మా అత్త "నీ ఒంట్లో సత్తువ లేదే" అని దెప్పడం తప్ప ఏమీ చేయలేదు. ఈమె ఒకరోజు ఆ ఏడుపు విని, గంప దించి, నా మొహం చూసి పోయింది. మర్నాడు పాలసొర చేప తెచ్చింది. ఉడకబెట్టి, ముల్లు తీసి, వెల్లుల్లి వేసి పొడిపొడిగా ఎట్లా వేయించాలో మా అత్తకు పక్కన కూర్చోని చెప్పింది. అది తింటే బాలింతకు పాలు పడతాయి. పడినాయి కూడా. వారం దినాలు ఎక్కడెక్కడో వెతికి తెచ్చింది. డబ్బులిస్తే "బిడ్డ పాలకు నేను డబ్బు తీసుకుంటానా చిన్నమ్మా, నోరు మూసుకో" అని నన్నే కసిరింది. అప్పటినించి నేను ఆమెను అక్కా అనేదాన్ని. "చేపలామె నీకు అక్క ఏందే" అని మా అత్త మూతి తిప్పేది. తిప్పితే తిప్పుకోనీ అనుకున్నాను.

ఆ అక్కకు పెంకుటిల్లు పిచ్చి. పాళెంలో అన్నీ తాటాకు గుడిసెలే. ఎండాకాలం వచ్చిందంటే ఏదో ఒక పొయ్యిలో నిప్పు ఎగిరి ఒక వరస వరసే మాడిపోయేది. ఆమెకు రెండుసార్లు ఇల్లు కాలిపోయింది. "మూడోసారి కాలనీను" అని పట్టుబట్టి, చిట్టీ వేసి, పక్కన కోట అనే ఊళ్ళో ఎవరిదో పాత పెంకుటిల్లు పీకేస్తా ఉంటే ఆ పెంకు ఒక బండికి కొనుక్కొచ్చింది. ఆ బండెడు పెంకు ఇంటి కప్పులో సగానికే వచ్చింది. ముందు వాలుకు పెంకు పరిచి, వెనక వాలుకు తాటాకే ఉంచేసింది.

"అదేంది అక్కా, వెనక వైపు గదా మీ పొయ్యి? పెంకు అటు వేసుకోవాల్సింది" అన్నాను.

"అటు వేస్తే ఎవరు చూస్తారు చిన్నమ్మా, సముద్రం తప్ప?" అని ఎంత సంబరంగా నవ్విందో! పాళెంలో మొదటి పెంకుటిల్లు ఆమెదే. ఆ నెలంతా చేపలు కొన్నవాళ్ళకూ కొననివాళ్ళకూ కూడా చెప్పుకోని తిరిగింది.

బిల్లు కలెక్టరు పాళెం మొదట్లో నిలబడి చూసినాడు. ఎర్రగా పెంకు కనబడింది. పెంకుటిల్లు అని రాసుకోని పోయినాడు. పన్ను నాలుగింతలయింది.

ఆమె పరిగెత్తుకోని మా ఇంటికొచ్చింది. మా మామ పంచలో నులక మంచం మీద కూర్చోనుండాడు. నేను తలుపు వెనక బిడ్డకు అన్నం తినిపిస్తా ఉండాను.

"అయ్యా, నాది సగమే పెంకు. వెనకంతా ఆకే. మీరే వచ్చి చూడండి. సగానికి పన్ను వేసి సగం తగ్గించండి" అని ఆమె బతిమాలింది.

"సగం ఇంటికి పన్ను అనేది లేదమ్మే. పెంకైతే పెంకు, పూరైతే పూరి. వీధిలోంచి ఏది కనబడితే అదే ఇల్లు. ఊరందరికీ అదే కదా పద్ధతి!" అన్నాడు మా మామ. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో కాస్త కూడా తడబాటు లేదు. నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఆమె తలెత్తి మా పంచ తాటాకు చూసింది. తెరిచిన తలుపులోంచి మా మిద్దె దూలాలు చూసింది. మళ్ళీ మా మామను చూసింది. నోరున్న మనిషి గదా, ఇప్పుడు కడిగేస్తుంది అనుకున్నాను. కడిగేస్తే బాగుండుననుకున్నాను కూడా. ఆమె మాత్రం గంప ఎత్తుకోని వెళ్ళిపోయింది. మర్నాడు మామూలుగా నెత్తళ్ళ చేపలు తెచ్చి మా గుమ్మంలో దించితే, నాకు ఆమె మొహం చూడడానికి మొహం చెల్లలేదు. బేరం కూడా చేయకుండా అడిగినంతా ఇచ్చి లోపలికొచ్చినాను. అదొక పరిహారం అనుకున్నాను కాబోలు, నా మొహం!

మా మామ దుర్మార్గుడు కాదు. అది చెప్పకపోతే నాది తప్పవుతుంది. అడిగినవాళ్ళకు గింజలు పెట్టేవాడు, జబ్బు చేస్తే సొంత బండి కట్టించి గూడూరు ఆస్పత్రికి పంపేవాడు. కానీ పన్ను మాటెత్తితే ఆయన వేరే మనిషి. ఒకరోజు అన్నం వడ్డిస్తా ఉండబట్టలేక అడిగినాను. "మామా, మనం పూరింటి పన్ను కడతా, వాళ్ళ చేత పెంకుటింటి పన్ను కట్టిస్తే ఎట్లా?"

"మనం ఊరికి పెట్టే ఖర్చు నీకు తెలుసా అమ్మాయ్? ఆ లెక్క చూస్తే పన్ను ఒక లెక్కా?"

"ఆ పన్ను డబ్బుతో దీపస్తంభం మన వాకిట్లోనే గదా వేసినారు. బావికి గిలక మన వీధిలోనే గదా పెట్టినారు. పాళెంలో ఒక్క దీపమన్నా ఉండాదా?"

మా అత్త కళ్ళెర్రజేసింది. మా ఆయన కుక్కిన పేనులా తింటా ఉండిపోయినాడు. మా మామ మజ్జిగ పోయించుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇల్లు అత్తగారిది, నోరు మూసుకోని పడుండాలి. అట్లా పడుండడం నాకు బాగానే అలవాటయింది.

ఆ తరవాతి ఏడు కార్తీకంలో గాలివాన పట్టుకుంది. తెల్లారేసరికే సముద్రం ఎగిరి పాళెంలోకి వచ్చేసింది. పొద్దున్నుంచి జనం పిల్లల్ని చంకనేసుకోని, ముసలోళ్ళను భుజానేసుకోని ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చినారు. మా మామ తలుపులు బార్లా తెరిపించినాడు. పాళెంలో సగం మంది మా మిద్దెలోనే. తడి బట్టలు, ఏడుపులు, చేపల వాసన, పొయ్యి మీద పెద్ద గుండిగలో గంజి. మా పంచ మధ్యాహ్నానికే ఎగిరిపోయి ఎవరి చేల్లో పడిందో. మిద్దె మాత్రం ఇసుమంత కదల్లేదు. చావడిలో వెల్లకిలా పడుకున్న జనమంతా పైకి చూస్తా ఉండారు, దూలాలు లెక్కపెడతా ఉన్నట్టుగా. మా అత్త మాత్రం "మనం లేకపోతే వీళ్ళ గతేంది" అని గర్వపడతా గంజి పోస్తా తిరిగింది. 

చేపలక్క తన ఇద్దరాడపిల్లల్నీ మొగుణ్ణీ వెంటబెట్టుకోని ఒక మూల కూర్చోనుంది. ఆమె ఇల్లు ఎగిరిపోలేదు, కూలిపోయింది. తాటాకు కోసం వేసిన సన్నటి వాసాల మీద పెంకు బరువు పెట్టింది గదా. గాలి ఒక్క ఊపు ఊపేసరికి కప్పంతా గోడల్తో సహా కింద పడింది. చుట్టుపక్కల గుడిసెలోళ్ళకు నాలుగు వాసాలన్నా మిగిలినాయి. ఆమెకు పెంకు ముక్కలు మిగిలినాయి.

నీళ్ళు తీసినాక సాయం రాయడానికి తాలూకా ఆఫీసు నించి ఒక ఆఫీసరు వచ్చినాడు. పడిపోయిన ప్రతి పూరింటికీ వెదుళ్ళు, తాటాకు, కొన్ని రూపాయలు ఇస్తారంట. మా పంచ లేదు గనక ఆయన్ను చావడిలో కూర్చోబెట్టి, అరిటాకు వేసి భోజనం పెట్టినారు. జనం వాకిట్లో నిలబడుండారు. బిల్లు కలెక్టరు పన్నుల దస్తరం తెరిచి ఒక్కో ఇల్లూ చదవతా ఉండాడు. మొదట ప్రెసిడెంటు ఇల్లు.

"పూరిల్లు. గాలికి కప్పు ఎగిరిపోయింది" అన్నాడు.

ఆఫీసరు పప్పన్నం కలుపుతా తల ఎత్తి పైకి చూసినాడు. మిద్దె వంక చూసి, మా మామ వంక చూసి, మీసాల్లో నవ్వుకున్నాడు. "సరే, రాసుకోండి" అన్నాడు. నేను నెయ్యి గిన్నె పట్టుకోని నిలబడుండాను. నాకు తల కొట్టేసినట్టయింది. వద్దు, మాది పూరిల్లు కాదు అని మా మామ అంటాడేమో అని ఎదురుచూసినాను. ఎట్లా అంటాడు? అంటే ఇన్నేళ్ళ పన్ను బయటపడదా? ఇష్టం ఉన్నా లేకపోయినా ఆయన ఆ సాయం తీసుకోని తీరాలి. సొంత తెలివి ఆయన గొంతుకే చుట్టుకుంది.

పాళెం వరస వచ్చింది. చేపలక్క పేరు దగ్గర "పెంకుటిల్లు" అని చదివి బిల్లు కలెక్టరు పేజీ తిప్పబోయినాడు. ఆమె జనంలోంచి తోసుకోని గుమ్మం దగ్గరికి వచ్చింది.

"సారూ, ఒక పక్కే పెంకు సారూ! మిగతాది ఆకే. మొత్తం పడిపోయింది. ఈ అయ్యకు తెలుసు, అడగండి."

"పన్ను దేనికింద కడతా ఉండావు?" అన్నాడు ఆఫీసరు.

"పెంకుటింటి కిందే."

"మరింకేం? పూరిళ్ళకే ఆర్డరు."

ఆమె మా మామను చూసింది. ఒక్క మాట చాలు. ఆమెది నిజమే అని ఆయనంటే చాలు. కానీ ఒక ఇల్లు తప్పు రాసినామంటే, ఇంకే ఇళ్ళు తప్పు రాసినారో అని ఆఫీసరు అడుగుతాడు, అప్పుడు ఆయన నెత్తిమీదనే ఉండే మిద్దె సాక్ష్యం చెబుతుంది. మా మామ కాలి బొటనవేలు చూసుకుంటా ఉండిపోయినాడు. నాకు నోరుంది గదా! నేనన్నా చెప్పినానా? ఆఫీసరు చెయ్యి చాపితే నెయ్యి వడ్డించినాను.

రెండు రోజుల్లో మా వాకిట్లో వెదుళ్ళూ ఆకు కట్టలూ బండి మీద వచ్చి దిగినాయి. "ఇవి ఆమెకు పంపిద్దాం మామా" అని కాళ్ళావేళ్ళా పడినాను. "ఇస్తే ఊరంతా ఎందుకిచ్చినావంటుంది, ఒకటి కదిలిస్తే అన్నీ కదుల్తాయి" అన్నాడే గానీ, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఆకుతో పంచ మళ్ళీ కప్పించుకున్నాం. పాళెంలో అక్క చింపిరి తెరచాప ఒకటి నాలుగు గుంజలకు కట్టి, దాని కింద పిల్లల్ని పెట్టుకోని వండుకుంటా ఉందని మా పాలేరు వచ్చి చెప్పినాడు.

సంవత్సరం ఆఖరులో పన్ను వసూలు మొదలయింది. మా మామకు లోపల ఎంత పొడుస్తా ఉందో ఏమో, ఒక పొద్దున ఆమె చేపలు దించగానే తనే పిలిచినాడు.

"ఏమ్మే, ఇల్లే లేనప్పుడు నీకు పన్ను ఏంది? నీ పేరు దస్తరంలో కొట్టేయిస్తాను. ఇంక నువ్వు దమ్మిడీ కట్టక్కర్లేదు, పో" అన్నాడు. పెద్ద మేలు చేస్తున్నట్టే అన్నాడు. నాకు కూడా, పోనీలే ఇన్నాళ్ళకు ఈయన మనసు కరిగింది అని ప్రాణం కుదుటపడింది.

ఆమె మొహం తెల్లబోయింది. ఒక్క ఉదుటున వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూలబడింది.

"కొట్టేయొద్దయ్యా! మీకు దండం పెడతాను, నా పేరు కొట్టేయొద్దు. ఆ చోటు సర్కారు పొరంబోకు గదయ్యా, నాకు పట్టా యాడుండాది? పన్ను కట్టిన రసీదే గదా నాకుండేది. పేరు తీసేస్తే రేపు ఎవరైనా వచ్చి లే, ఇది నీది కాదంటే నా పిల్లల్ని పెట్టుకోని నేను యాడికి పోయేది? కడతానయ్యా. పెంకుటింటి పన్నే కడతాను. ఈ ఏటిదీ కడతాను, ఇదిగో" అని కొంగు ముడి విప్పి చిల్లర నేల మీద పోసింది.  

"పోనీ పూరిల్లని మార్పిద్దాం మామా" అన్నాను నేను, తలుపు వెనక దాక్కోవడం మానేసి ముందుకొచ్చి.

మా మామ ఏదో అనబోయినాడు. అంతలోకే ఆమె నా వైపు తిరిగింది. "వద్దు చిన్నమ్మా, నీకు పుణ్యముంటుంది. ఏమీ మార్చొద్దు. ఎట్లా ఉండాదో అట్లానే ఉండనీ" అంది. మా ఇంటి మేలంటే ఆమెకు అంత భయం పట్టుకుంది.

బిల్లు కలెక్టరు జ్వరమొచ్చి మూలుగుతా ఉండాడు. రసీదు పుస్తకం మా ఇంట్లోనే ఉండింది. మా మామకు చత్వారం. "నువ్వు రాసియ్యి అమ్మాయ్" అని పుస్తకం నా ముందర పెట్టి, కండువాతో మొహం తుడుచుకుంటా ఇంట్లోకి పోయినాడు. ఇంక నేనూ ఆమే, మా తాటాకు పంచ కింద.

నేను ఎనిమిదో క్లాసు చదువుకున్నాను, గుండ్రటి రాత నాది, మా అయ్యవారు మెచ్చుకునేవాడు. ఆమె పేరు రాసినాను. ఇంటి రకం అన్న చోట కలం ఆగిపోయింది. ఆమె నా భుజం మీదుగా వంగి చూస్తా ఉంది, చదువు రాకపోయినా.

"పెంకుటిల్లనే రాసినావు గదా చిన్నమ్మా?" అని అడిగింది.

"రాస్తా ఉండాను అక్కా" అన్నాను. అక్షరం అక్షరం స్పష్టంగా రాసినాను. చించి ఇస్తే, ఆ కాగితాన్ని రెండు కళ్ళకూ అద్దుకోని, నాకు చేతులెత్తి దండం పెట్టింది.